‘ఆ గొంతు సంగతి ఏమైంది’ అని అడిగినవాళ్ల మీద కోపం వద్దు

తమ్ముడూ,

నీ మెయిల్ రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. నువ్వు రాసిన సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో ఆరో ఎపిసోడ్ వచ్చిన మూడు రోజుల్లో జనం అన్న మాటలన్నీ ఒకచోట చేర్చి పంపావు. అందులో తిట్లను పైన పెట్టి మెచ్చుకోళ్లను అడుగున పడేశావు చూడు, దాన్నిబట్టే ఎంత బాధలో ఉన్నావో తెలిసిపోయింది. చివర్లో "ఇక జన్మలో ఫ్లాష్‌బ్యాక్ జోలికి పోను" అని రాశావు. ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోకు. కనీసం ఈ ఉత్తరం చదివేదాకా ఆగు.

ఎపిసోడ్ నేనూ చూశాను, రెండుసార్లు. అయిదో ఎపిసోడ్ చివర అంతరిక్షంలో ఓడ నడిపే మీ పైలట్ అమ్మాయి రేడియో ఆన్ చేస్తే, కాపాడండి అంటూ ఒక గొంతు వినిపిస్తుంది, అది ఆమె గొంతే. అక్కడ ఆపేశావు. వారమంతా జనం దాని గురించే మాట్లాడుకున్నారు. తీరా ఆరోది మొదలైతే తెర మీద ‘ఇరవై రెండేళ్ల క్రితం’ అని పడింది. అక్కణ్ణుంచి నలభై నిమిషాలూ అమ్మ, చిన్నపిల్ల, వాన, శిక్షణ కేంద్రం, అమ్మ చనిపోవడం. గొంతు ఊసే లేదు. చివరి షాట్‌లో కూడా మనం ఓడలోకి తిరిగి రాలేదు.

దానికి వాళ్లు ఏమన్నారు? సాగదీశారు అన్నారు. ల్యాగ్ అన్నారు. ఈ ఎపిసోడ్ వదిలేసి ఏడోది చూసినా ఏ తేడా రాదన్నారు. ఒకామె అయితే "ఏడుపొచ్చింది, నిజమే, కానీ ఇది నాకు ఇప్పుడెందుకు చూపించారు?" అని అడిగింది. నీకు వచ్చిన మాటలన్నిట్లో ఇదే అసలైన ప్రశ్న అని నాకనిపిస్తోంది. మిగతావాళ్లు చాలామంది అడిగిందీ ఇదే, వేరే మాటల్లో.

‘సాగదీశారు’ అన్న మాటను నిడివి మీద ఫిర్యాదుగా చదవకు. మూడో ఎపిసోడ్‌లో ఆమె ఓడ బయటికెళ్లి కేబుల్ బిగించే సీన్ తొమ్మిది నిమిషాలు ఉంది, ఒక్క డైలాగ్ లేదు, ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒక్కరైనా బోర్ కొట్టిందన్నారా? లేదు. ఎందుకంటే అక్కడ వాళ్లు ఒకదాని కోసం ఎదురుచూస్తున్నారు, నువ్వు వాళ్లను ఆ ఎదురుచూపులోనే ఉంచావు. ఆరో ఎపిసోడ్‌లో అయితే వాళ్లు దేనికోసం ఎదురుచూస్తున్నారో దాన్ని పక్కకు లాగేసి, బదులుగా కొత్తగా ఎదురుచూడటానికి ఏమీ ఇవ్వలేదు. ఆ అమ్మ చనిపోతుందని మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పేశావు కదా, ఇక నలభై నిమిషాలు జనం దేనికోసం చూడాలి?

ఇదంతా నాకు ఎలా తెలుసంటావేమో. నేను రాసిన మొదటి సిరీస్‌లో ఇదే పని చేశాను. విడుదలకు ముందు ఒక చిన్న గదిలో పదిమందికి వేసి చూపించారు, నేను వెనకాల గోడకు ఆనుకుని కూర్చున్నాను. తెర మీద చూడటం మానేసి జనం వీపులు చూడటం నాకు అక్కడే అలవాటైంది. ఫ్లాష్‌బ్యాక్ మొదలైన నిమిషంలోపే ముందు వరసలో ఒకాయన కుర్చీలో వెనక్కి వాలాడు, అంతవరకూ మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని ముందుకు వంగి ఉన్న మనిషి. తర్వాత ఒక్కొక్కరూ వాలారు. ఎవరూ లేచిపోలేదు, ఎవరూ విసుక్కోలేదు, మర్యాదగా చూశారు. అయిపోయాక ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "బాబూ, ఆ అమ్మాయి తలుపు తీసిందా లేదా?" తలుపు ముందు ఎపిసోడ్ చివర్లోది. మధ్యలో నేను నాలుగు నెలలు కూర్చుని రాసిన తండ్రి కథ ఆవిడ దాకా చేరనే లేదు, ఎందుకంటే ఆవిడ మనసు ఇంకా ఆ తలుపు దగ్గరే నిలబడి ఉంది. అప్పుడు నాకు నీకు వచ్చినంత కోపమూ వచ్చింది. ఆవిడ తప్పేం లేదని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

మనకంటే ఎన్నో రెట్లు పెద్దవాళ్లకు కూడా ఇది జరిగింది. విమానం కూలి ఒక ద్వీపంలో చిక్కుకున్నవాళ్ల కథ, ‘లాస్ట్’ అనే అమెరికన్ టీవీ సిరీస్ ఉంది కదా, దాని ఆఖరి సీజన్ సంగతి చూడు. 2010 మే 4న వచ్చిన ఎపిసోడ్‌లో ఆరేళ్లుగా జనం వెంట నడిచిన ముగ్గురు చనిపోయారు. సిరీస్ ముగియడానికి ఇక మూడు వారాలు కూడా లేదు. మే 11న, అంటే సరిగ్గా వారానికి, వాళ్లకు వడ్డించింది వందల ఏళ్ల కిందటి కథ: ఇద్దరు కవల అన్నదమ్ములు, వాళ్లను పెంచిన ఒక స్త్రీ, ఒక గుహ, అందులో వెలుగు. రోజూ చూసే ముఖాలు దాదాపు ఒక్కటీ లేవు, చివర్లో మొదటి సీజన్ నుంచి తీసిన ముక్కలు తప్ప. జనం రెండుగా చీలిపోయారు. కొందరికి అది పురాణకథలా నచ్చింది. చాలామందికి మాత్రం ఒళ్లు మండింది. చనిపోయినవాళ్ల కోసం ఇంకా ఏడవలేదు, మధ్యలో వీళ్లెవరు? ఆ ద్వీపం రహస్యం ఏంటయ్యా అంటే ‘వెలుగు’ అంటారా, మరి ఆ వెలుగేంటి? అన్నదమ్ముల్లో ఒకడికి ఇప్పటికీ పేరే చెప్పరా? పైగా ఆ పెంచిన తల్లి చేత, నేను ఒక ప్రశ్నకు జవాబు చెబితే అది ఇంకో ప్రశ్నకే దారి తీస్తుందన్న అర్థంలో ఒక మాట అనిపించారు. ఆ మాట రచయితలు తమనే ఉద్దేశించి అన్నట్టు జనానికి తగిలింది.

ఇందులో నువ్వు చూడాల్సింది ఏంటంటే, అదే ఎపిసోడ్ సీజన్ మధ్యలో, ఏ చావూ లేని వారం తర్వాత వచ్చి ఉంటే అంత మంట పుట్టేది కాదని నా నమ్మకం. ఇప్పుడు ఆ సిరీస్‌ను వరసగా కూర్చుని చూసేవాళ్లకు అది అంతగా గుచ్చుకోదు, తర్వాతి ఎపిసోడ్ ఒక్క బటన్ దూరంలో ఉంటుంది కాబట్టి. ఆ రోజు చూసినవాళ్లు వారం మోయాల్సి వచ్చింది. నీ సిరీస్ కూడా వారానికొకటి చొప్పున వస్తోంది. కాబట్టి ఫ్లాష్‌బ్యాక్ రాసేటప్పుడు దాని ముందు ఎపిసోడ్ చివరి సీన్, దాని తర్వాతి ఎపిసోడ్ మొదటి సీన్ టేబుల్ మీద పక్కన పెట్టుకుని రాయి. జనం చూసేది ఆ మూడింటినీ కలిపి.

అదే సిరీస్‌లో ఇంకా కింద పడ్డ ఎపిసోడ్ ఒకటుంది, 2007 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో ఫ్లాష్‌బ్యాక్ అంతా హీరో చేతి మీద పచ్చబొట్లు ఎలా వచ్చాయన్నది. ఆ సిరీస్‌లోకెల్లా బలహీనమైన ఎపిసోడ్ల జాబితా ఎవరు వేసినా అది అందులో ఉంటుంది. పచ్చబొట్ల వెనక కథ ఎవరూ అడగలేదు, తెలిశాక ఆ మనిషి ఎవరికీ కొత్తగా కనిపించలేదు. కథకు ముగింపు తేదీ లేకుండా సాగిస్తూ పోతే ఇలాంటివే వస్తాయని ఆ రచయితలే ఛానల్‌తో వాదించారు. ఆ మేలోనే సిరీస్ 2010లో ముగుస్తుందని ప్రకటన వచ్చింది. ఒక ఫ్లాష్‌బ్యాక్ మీద వచ్చిన విసుగును వాళ్లు అవమానంగా తీసుకోకుండా, తమ వాదనకు బలంగా వాడుకున్నారు. నాకు ఆ సంగతి చాలా ఇష్టం.

మరి జనం ఫ్లాష్‌బ్యాక్‌ను నెత్తిన పెట్టుకునేది ఎప్పుడు? దానికి కూడా ‘లాస్ట్’ దగ్గరికే వెళ్దాం, మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్, 2004 అక్టోబర్. విమానం కూలి ద్వీపంలో పడ్డ ఒక పెద్దాయన కత్తులు విసురుతాడు, అడవిపందుల వేటకు బయల్దేరతాడు, అందరూ భయపడుతుంటే ఆయన మొహంలో ఏదో ఆనందం. ఫ్లాష్‌బ్యాక్‌లో ఆయన ఒక ఆఫీసులో పనిచేసే మామూలు ఉద్యోగి. బల్ల వెనక కూర్చుని ఫోన్‌లో మాట్లాడతాడు, టూర్ కంపెనీ ఆఫీసులో కూర్చుని టూర్ నడిపేవాడితో గొడవపడతాడు, మనం ఏమీ అనుమానించం. చివర్లో ఒక్క షాట్‌లో తెలుస్తుంది, ఆయన చక్రాల కుర్చీలో ఉన్నాడని. వెంటనే ప్రమాదం జరిగిన రోజుకు వస్తాం: సముద్రపుటొడ్డున పడి ఉన్న ఆయన తన కాలివేళ్లు కదలడం చూసుకుంటాడు. అంతే, వెనక్కి తిరిగి మూడు ఎపిసోడ్లూ మారిపోయాయి. ఆ ఆనందం ఎందుకో, ఆయన ఆ ద్వీపం వదిలి వెళ్లాలని ఎందుకు అనుకోడో, ఒక్కమాట డైలాగ్ లేకుండా అర్థమైపోయింది. ఆ ఫ్లాష్‌బ్యాక్ గతం గురించి చెప్పింది చాలా తక్కువ. కుర్చీలోకి ఎలా వచ్చాడో కూడా చెప్పలేదు, దాన్ని ఎన్నో ఎపిసోడ్ల తర్వాతకు దాచుకున్నారు. అది చేసిందల్లా మన కళ్ల ముందున్న మనిషిని మార్చడం.

ఇంకోటి నీ పరిస్థితికి మరీ దగ్గర. మహమ్మారి లోకాన్ని కూల్చేశాక జోయెల్ అనే మనిషి ఎల్లీ అనే పిల్లను వెంటబెట్టుకుని సాగే సిరీస్ ‘ది లాస్ట్ ఆఫ్ అస్’. దాని మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్ చివర జోయెల్‌కు కడుపులో కత్తిపోటు లాంటి గాయమై గుర్రం మీంచి పడిపోతాడు. 2023 ఫిబ్రవరి 26న వచ్చిన ఏడోది చాలాభాగం ఫ్లాష్‌బ్యాక్, ఎల్లీ తన స్నేహితురాలితో ఒక మూతపడ్డ మాల్‌లో గడిపిన రాత్రి. నీలాగే వాళ్లు కూడా సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట వెనక్కి తిరిగారు. కానీ ముందు మనల్ని గాయం దగ్గరే ఉంచారు. నన్ను వదిలేసి వెళ్లిపో అంటాడు జోయెల్. ఆ పిల్ల మెట్లు ఎక్కుతుంది, గుమ్మం దాకా వెళ్తుంది. వెళ్లిపోతుందా, ఉంటుందా? ఆ ప్రశ్నను అలా వేలాడదీసి గతంలోకి తీసుకెళ్లారు. ఆ రాత్రి ఇద్దరినీ వ్యాధి సోకినవాడు కరిచాక, చేతిలో ఉన్న కాసేపటినీ వదులుకోవద్దని స్నేహితురాలు అంటుంది. తిరిగొచ్చాక ఎల్లీ ఆ ఇంట్లో సొరుగులన్నీ లాగి వెతుకుతుంది, సూదీ దారం దొరుకుతాయి, కిందికి పరిగెత్తి వణికే చేతులతో గాయం కుడుతుంది. సొరుగులు లాగే ఆ చప్పుడు ఒక్కసారి విను. ఫ్లాష్‌బ్యాక్ మొత్తం ఆ సొరుగుల్లో ఉంది.

అయినా కొందరు కథ కదల్లేదనే అన్నారు. అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి: ఆ సిరీస్‌లో ఈ ఎపిసోడ్‌కూ, మూడో ఎపిసోడ్‌కూ గుట్టలు గుట్టలుగా ఒకటి, ఒకటి అని రేటింగులు ఇచ్చారు. అందులో చాలావరకూ కథనం మీద కోపం కాదు, ఇద్దరమ్మాయిల ప్రేమ, ఇద్దరు మగవాళ్ల ప్రేమ చూపించారని. అలాంటివి వచ్చినప్పుడు వాటిలో నుంచి రాత పాఠాలు ఏరుకోవాలని చూడకు. నువ్వు పంపిన వాటిలో కూడా నాలుగైదు, పైలట్ ఆడపిల్ల కావడం మీద ఉన్నాయి. వాటిని నీ జాబితాలోంచి తీసేసి మళ్లీ చదువు, మోత సగం తగ్గుతుంది.

సైన్స్ ఫిక్షన్ చూసేవాళ్ల గురించి ఒక సంగతి నీకు ఇంకా పూర్తిగా తెలిసినట్టు లేదు. వాళ్లు ఫ్లాష్‌బ్యాక్‌ను గతంగా ఒక్క క్షణంలో ఒప్పేసుకోరు. జ్ఞాపకాలు మార్చే యంత్రాలు, కాలంలో వెనక్కి వెళ్లడాలు, మనిషికి నకళ్లు, ఇవన్నీ చూసి చూసి ఉన్నారు. 2007 మేలో ‘లాస్ట్’ మూడో సీజన్ ఆఖర్న, ఫ్లాష్‌బ్యాక్ అనుకుని చూసిందంతా భవిష్యత్తు అని తేలాక అయితే, తెర మీద ఫోన్ ఏ మోడలో, గడ్డం ఎంత పెరిగిందో చూసే అలవాటు జనానికి ఇంకా ముదిరింది. నువ్వేమో ముందు ఎపిసోడ్‌లో ఆమె గొంతే ఆమెకు వినిపించేలా చేసి, తర్వాత ఆమె చిన్నతనం చూపించావు. సగంమంది ఆ నలభై నిమిషాలూ ఈమె నకలేమో, ఈ జ్ఞాపకం ఎవరో పెట్టిందేమో అని ఆనవాళ్లు వెతుక్కుంటూ కూర్చున్నారు. వాళ్లకు ఏమీ దొరకలేదు. వాళ్ల కోపంలో ఒక భాగం అదీ. నీకా ఉద్దేశం లేకపోవచ్చు, కానీ అలాంటి చోట అలాంటి గతం పెడితే వాళ్లు వెతుకుతారని ముందే ఊహించాలి. వయసుల లెక్క కూడా చూసుకో. శిక్షణ కేంద్రంలో చేరేనాటికి ఆమెకు పదిహేడు అన్నావు, రెండో ఎపిసోడ్‌లో పంతొమ్మిది అని ఉంది. ఇద్దరు పట్టేశారు. ఒక కాగితం మీద ఏడాదివారీగా రాసుకుని గోడకు అంటించుకో, అంతకంటే దానికి మందు లేదు.

ఆఫీసు జ్ఞాపకాలనూ బయటి జ్ఞాపకాలనూ విడదీయించుకున్న ఉద్యోగుల కథ ‘సెవరెన్స్’, ఈ మధ్య వచ్చిన దాని రెండో సీజన్ కూడా చూడు. ఏడో ఎపిసోడ్, 2025 ఫిబ్రవరి 28. హీరో స్పృహ లేకుండా పడి ఉన్నాడు, కథ ఆగిపోయింది, అయినా అతని భార్య గతమూ వర్తమానమూ కలిపి చూపిస్తే జనం మురిసిపోయారు, ఎందుకంటే మొదటి సీజన్ నుంచీ వాళ్లు అడుగుతున్నది ఆమె గురించే. మరుసటి వారం ఇంకో పాత్ర తన పాత ఊరికి వెళ్లే ఎపిసోడ్ వచ్చింది, అది ఫ్లాష్‌బ్యాక్ కూడా కాదు, నిడివీ తక్కువే, అయినా చాలామంది ఓపిక అక్కడ తెగింది. వరసగా రెండు వారాలు అసలు కథకు దూరంగా ఉంచితే రెండోదాని మీద పడుతుంది దెబ్బ.

ఇక పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించే రకం ఫ్లాష్‌బ్యాక్ గురించి ఎక్కువ చెప్పను. ‘స్టార్ ట్రెక్’ వాళ్లు 1966లో, నమూనాగా తీసి ప్రసారం కాకుండా ఉండిపోయిన తమ మొదటి ఎపిసోడ్‌ను ఒక విచారణ కథలో సాక్ష్యంగా వాడి రెండు భాగాలు చేశారు, దానికి సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అదే పేరుతో తర్వాత వచ్చిన ‘నెక్స్ట్ జనరేషన్’లో 1989 జులైలో డబ్బు మిగుల్చుకోవడానికి, కోమాలో ఉన్న పాత్ర జ్ఞాపకాలంటూ పాత ఎపిసోడ్ల ముక్కలు వేశారు, మూడు రోజుల్లో షూటింగ్ ముగించి. అభిమానులు ఇప్పటికీ దాన్ని క్షమించలేదు. మీ నిర్మాత అలాంటిది అడిగితే మొదటిది గుర్తుపెట్టుకో.

సరే, నీ ఎపిసోడ్ దగ్గరికి వద్దాం. నువ్వు అడుగున పడేసిన వాటిలో ఒకటుంది, రెండే లైన్లు. "రెండో ఎపిసోడ్‌లో ఓడ గాలితలుపు (ఎయిర్‌లాక్) తెరుచుకునే ముందు ఆమె తొడ మీద వేళ్లతో తట్టుకుంటూ లెక్కపెడుతుంది, అది వాళ్లమ్మ నేర్పిందా!" దీన్ని ఎలా వదిలేశావు? ఆ మనిషి వెనక్కి వెళ్లి రెండో ఎపిసోడ్‌ను కొత్త కళ్లతో చూశాడు. ఫ్లాష్‌బ్యాక్ చేయాల్సిన పని ఆ ఒక్కడి విషయంలో జరిగిపోయింది. నువ్వు రాసిందే అది, బహుశా మర్చిపోయి ఉంటావు.

నీ ఎపిసోడ్‌లో బంగారం లాంటి సీన్ అదే. కరెంటు పోయిన రాత్రి, కిటికీ దగ్గర అమ్మ ఒళ్లో పిల్ల, మెరుపు మెరవగానే ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ లెక్కపెడతారు, ఉరుము వినిపించగానే అమ్మ చెబుతుంది, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు, ఆరు లెక్కపెట్టాం కాబట్టి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, ఇక్కడికి రాలేదు, భయపడకు అని. భయాన్ని లెక్కగా మార్చడం ఆ పిల్లకు అక్కడ అలవాటైంది. అంత మంచి సీన్ రాసి, దాన్ని ఓడలోకి తీసుకురాకుండా వదిలేశావు.

తీసుకురా. ఆ గొంతు వినిపించిన చోటే ఆరో ఎపిసోడ్ మొదలుపెట్టు. ఆమె ఆ గొంతుకు బదులు పలుకుతుంది, పలికి ఊరికే ఉండలేక లెక్కపెడుతుంది. ఎనిమిది సెకన్లకు జవాబు. రేడియో తరంగం సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, పోవడానికి నాలుగు, రావడానికి నాలుగు, అంటే పన్నెండు లక్షల కిలోమీటర్ల దూరం, భూమికీ చంద్రుడికీ మధ్య ఉన్నదానికి మూడింతలు. (రానూపోనూ అని సగం చేయడం మర్చిపోకు, ఉరుముకు ఆ అవసరం లేదు, ఇక్కడ ఉంది. తప్పు రాస్తే ముప్పైమంది దిద్దుతారు.) అప్పుడు మెరుపు రాత్రికి వెళ్లు. వెనక్కి వచ్చేసరికి ఆమె మళ్లీ పిలుస్తుంది, ఈసారి ఏడు సెకన్లు. శిక్షణ కేంద్రం ముక్క, మళ్లీ ఓడ, ఆరు. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో ఉరుము దగ్గరికి వస్తుంటే అంకెలు తగ్గేవి కదా, ఇక్కడా తగ్గుతున్నాయి. ఆ గొంతు దగ్గరికి వస్తోందని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, చూసేవాళ్లు తామే లెక్కపెడతారు.

అమ్మ చనిపోయే సీన్ ఎక్కడ పెట్టాలన్నది నాకింకా తేలలేదు. మూడు సెకన్ల దగ్గర పెట్టొచ్చు, అసలు తీసేయనూ వచ్చు. శిక్షణ కేంద్రంలో కమాండర్ ఉపన్యాసం మాత్రం తప్పకుండా తీసేయి, ఓడ ఇంజిన్ చరిత్ర ఎవరూ అడగలేదు. ఇప్పటికే వచ్చేసిన ఎపిసోడ్‌ను ఏం చేస్తాం అంటావు. ఏడోది ఇంకా ఎడిటింగ్‌లోనే ఉందన్నావు కదా, ఈ లెక్కంతా ఏడో ఎపిసోడ్ మొదట్లో పెట్టినా పనిచేస్తుంది. మెరుపు రాత్రి జనానికి ఇప్పటికే తెలుసు, ఒక్క షాట్ చాలు, తిట్టినవాళ్లకు కూడా ఆరోది వెనక్కి వెళ్లి చూడాలనిపించవచ్చు.

ఆదివారంలోగా ఆ నాలుగు పేజీలు రాసి పంపు. ఆమె పైకి లెక్కపెడుతుందా, లేక ఆ వేళ్లే తొడ మీద కదులుతాయా అన్నది మాత్రం నన్ను అడక్కుండా నువ్వే రాయి, నేను చదివి తెలుసుకుంటాను.

ప్రేమతో,
అన్నయ్య